చెంగయ్య వచ్చినాడు

మదనపల్లెలో బాబు సాహెబ్ ప్రింటింగ్ ప్రెస్సు. యుద్ధం చేసి వచ్చిన రామమూర్తి, తాను రాసిన నవల ప్రూఫు పట్టుకుని చౌడేపల్లె నుంచి వచ్చాడు.

"ఆవు ఎగరతాదంటే ఒప్పుకున్నావు. రాక్షసుడు కొండ నమల్తాడంటే ఒప్పుకున్నావు. ఈ ఒక్క మాట ఎట్ల తప్పు కొట్టినావు సాయిబూ?"

"పుంగనూరు ఆవు గదప్పా. పొట్టిది, బరువుండదు. ఎగిరేకి ఇబ్బందేముండాది?"

"ఆవు సంగతి ఇడిసిపెట్టు. ఈడ సూడు. సదువు."

"మంచురాక్షసుడు నిప్పు ఊదినాడు. చెంగయ్య వచ్చినాడు."

"సచ్చినాడు."

"ఎవురు?"

"చెంగయ్యే. సచ్చినాడు అని రాసినా. నువ్వు స తీసి వ కొట్టినావు."

"నీ రాత అట్లుండాది మిలిట్రీ. వ ఏదో స ఏదో తెలీలా. వచ్చినోడు ఒక్క మాటా మాట్లాడడేమబ్బా అని నాకూ అనుమానమే."

"అనుమానమొస్తే అడగాల్నా వద్దా?"

"అడిగితే మళ్ళీ బస్సెక్కి వస్తావని నేనే నాలుగు మాటలు కలిపి సర్దినా. వచ్చిన మనిషిని ఊరికే నిలబెడితే బాగుండదు గదా. టీ ఇప్పించినా."

"రాక్షసుడి గుహలో టీనా?"

"అల్లం టీ. సలి గదప్పా. తాగేసి, ఆవు మింద కూర్చోని పోయినాడు."

"యాడికి?"

"కుప్పం. వాళ్ళమ్మ కాడికి. కోపం సేసుకోవాకు, ఇప్పుడే దిద్దేస్తా."

"ఉండు."

"ఏంది?"

"టీ తాగినాడా?"

"రెండు గ్లాసులు."

"యుద్ధంలో నా పక్కనే ఉండినాడు సాయిబూ. నిజం చెంగయ్య. వాని మిందనే పడింది నిప్పు. మనిషి కనపడలేదని వాళ్ళింటికి కాగితం వచ్చింది. సూసింది నేనొక్కణ్నే."

"వాళ్ళమ్మకు సెప్పలేదా?"

"యాడాదికోసారి కుప్పం పోతా. ఆమె ఇడ్లీ పెడతాది, తింటా, వస్తా. నోరు పెగల్దు. ఆ ఒక్క మాట సెప్పేకే ఆవును ఎగిరించినా, రాక్షసుణ్ని తెచ్చినా."

"అయితే స పెట్టేస్తా."

"వద్దు. వచ్చినాడనే ఉండనీ. వాళ్ళమ్మ మునిలక్ష్మమ్మ అదే సదువుకోనీ. సంతోషపడతాది."

"టీ తెప్పిస్తా, తాగుతావా?"

"ఏం సాయిబూ, మాట మారుస్తాండావు?"

"ఆమె సదివేసిందప్పా. పుస్తకం మొదట్లో అంకితమని ఆమె పేరు, ఊరు రాసినావు గదా, మా పిల్లోడు ఇమ్రాను కుప్పం పోతాంటే ఒక ప్రూఫు కాపీ ఇచ్చి పంపినా. పొద్దున ఫోను సేసింది."

"వాడు యాడుండాడని అడిగిందా?"

"అడగలా. ఆవు బాగుండాదంట, రాక్షసుడూ బాగుండాడంట. 'వ తీసి స పెట్టు నాయనా, రామమూర్తికి ఆ అక్షరం పలకదు' అనింది."