ఎడమకి ఒరిగే అడుగు

తనకి నాట్యం నేర్పిన టీచరుకి శిష్యురాలు ఫోనులో వీడియో చూపిస్తోంది. ఇప్పుడు ఈ శిష్యురాలికీ ఒక నాట్యం స్కూలుంది. తెర మీద ముప్పై మంది పిల్లలు అడుగు వేస్తూ ఒక్కసారిగా ఎడమకి ఒరిగారు.

“చూశారా టీచర్, మీ ఒరుగు! దాన్ని చూసే మన పిల్లల్ని ఇట్టే గుర్తుపట్టేస్తారు.”

“నాదా? నేనెప్పుడు నేర్పానే అది?”

“నోటితో చెప్పలేదు. మీరు ఆడుతుంటే చూసి పట్టేశాం.”

“అయ్యో పిచ్చిదానా! అప్పుడు నా కుడి మోకాలు వాచిపోయింది. బరువు ఆనించలేక ఒరిగేదాన్ని.”

“మరి మాకు చెప్పలేదేం?”

“నా పని అయిపోయిందని మీరంతా ఇంకో టీచరు దగ్గరికి పోతారేమోనని భయపడ్డాను. పోనీలే, చూడ్డానికి బాగానే ఉందిగా. ఎవరికేం నష్టం?”

శిష్యురాలు ఫోను బోర్లా పెట్టేసింది.

“నిన్న పరీక్షలో ఒక పిల్ల ఎంత చెప్పినా ఒరగలేదు, టీచర్. నిటారుగానే వేసింది. ‘నీకు నాట్యం రాదు, పో’ అని అందరి ముందూ అనేశాను. ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది.”

“ఎలా వేసిందో ఒకసారి చూపించు.”

ఆమె లేచి, ఊపిరి బిగబట్టి అడుగు వేసింది. ఒళ్లు దానంతటదే ఎడమకి ఒరిగింది. మళ్లీ వేసింది. మళ్లీ ఒరిగింది.

“నాకు రావడం లేదు, టీచర్.”