పొలాలు నావి, యుద్ధం నీది

హలో… ఆ, నేనే. నవతనే. చెప్పు విష్ణు.

— వినిపిస్తున్నది. నీ గొంతే జర తెగి తెగి వస్తున్నది.

— లే, తార్నాకల మన వీడియోల రూమ్‌ల లేను. క్యాంపస్‌ల ఉన్న. బాటనీ డిపార్ట్‌మెంట్ మెట్ల మీద కూసున్న. కర్నూలు చేరినవా?

— మంచిది. అమ్మ మంచిగున్నదా… ఆ… సరే, అడిగిన అని చెప్పు.

ఆడిన. ఆట మొత్తం ఆడిన. రెండో పార్ట్ వచ్చి పదకొండు రోజులైంది, పదకొండు రోజులూ ఆడిన. మన ఛానల్ రివ్యూకు వీడియో స్క్రిప్ట్ గూడ రాసిన. చదువుత, విను.

— ఆ, రికార్డ్ చేస్కో.

మొదాలు మంచియి చెప్త. ఏరు మస్తుగున్నది. పాత ఆటల నీళ్ళు గోడకు నీలం పెయింట్ ఏసినట్టు ఉండె. ఇప్పుడు వాన పడితే ఏరు బురద రంగుకొస్తది, దాటబోయిన గుర్రాలు కొట్టుకపోతయ్… నిజంగ. నేను నలభై గుర్రాలు పోగొట్టుకున్న.

రెండోది, ఏనుగులు. కోట దర్వాజ కాడ ఇరుక్కునుడు పోయింది. పాతదాంట్ల ముషీరాబాద్ చౌరస్తా లెక్క జామ్ అయితుండె, యాదికున్నదా?… ఆ, నువ్వు కోపంల కీబోర్డ్ ఇసిరికొట్టినవ్. ఇప్పుడు బుద్ధిగ ఒకదాని వెనక ఒకటి పోతయ్.

— నవ్విన గదా. నవ్వినట్టు వినిపియ్యలేదా?

మూడోదే పెద్దది. అందరు రివ్యూలల్ల గదే మొదాలు చెప్తున్నరు. పొలాలు వాటికవే నడుస్తయ్.

— అవును. ఊరు కట్టి వదిలేస్తె సాలు. దున్నుడు, విత్తుడు, కోసుడు, కోటల ఉన్న గోదాముకు మోసుడు, అంతా రైతులే చేస్కుంటరు. ఆడేటోడు యుద్ధం చూస్కుంటె అయిపాయె.

— ఆ… ఒక్కరే ఆడొచ్చు. రెండు కీబోర్డులు అక్కర్లే.

'ఈ ఆటకు అన్నిటికన్న పెద్ద బలం ఇదే' అని రాసిన. నేనే రాసిన విష్ణు, నా చేత్తోని.

— జలుబు లేదు. ఏం లేదు. గొంతు గిట్లనే ఉన్నది.

దాని కింద రెండు ముక్కలు కలిపిన, విను. 'ఆరేండ్లు మా ఛానల్‌ల ఒక్క రాజ్యాన్ని ఇద్దరం ఆడినం. యుద్ధం విష్ణువర్ధన్‌ది, పొలాలు నవతవి. రెండో పార్ట్‌ల నవతకు పని లేదు.'

… హలో? ఉన్నవా?

— తీసెయ్యాల్నా? ఎందుకు?… ఓ, వీడియో పొడుగైతదా. సరే, తీసేస్త.

ఇగ లోపాలు. కథ తొమ్మిది గంటలల్ల ఖతం. పైసలు పెట్టి కొన్నోళ్ళు తిడ్తరు. రాణి మాటలు బస్టాండుల అనౌన్స్‌మెంట్ లెక్క ఉన్నయ్, కొడుకు చచ్చిపోయిండని గూడ అదే గొంతుతోని చెప్తది… ఆ, నీకు నవ్వొస్తది. నాకు మాత్రం ఆమెనే నచ్చింది ఈసారి.

ఇంకోటి. ఇద్దరు కలిసి ఒక్క రాజ్యం ఆడే ఆప్షన్ తీసేసిన్రు.

— అది లోపం కాదా?… సరే. 'కొందరికి లోపం' అని రాస్త.

— శనివారమా? శనివారం నాకేం పని లేదు. ఎందుకు?… ఆ… కర్నూలు నుంచి రావుడు లేటయితదా.

విష్ణు… నువ్వు బెంగుళూరుల ఉన్నవ్.

…

టికెట్ ఛానల్ మెయిల్‌కే వచ్చింది. హోటల్ గూడ. ఛానల్ మెయిల్ ఎవరు చూస్తరు చెప్పు? వచ్చిన కామెంట్లకు జవాబులు, సబ్‌టైటిళ్ళు, రూమ్ కరెంట్ బిల్లు… గా పొలం పని గూడ నాదే గదా.

— ఆట కంపెనోళ్ళు శనివారం స్టేజ్ మీద లైవ్‌ల ఆడమన్నరు. తెలుసు. చదివిన.

— లే, ఒక్క సీటే అని వాళ్ళు అనలే. 'మీరిద్దరు వస్తరా, ఒక్కరా' అని అడిగిన్రు. అడిగిన్రు విష్ణు. నువ్వు జవాబు గూడ గదే మెయిల్ నుంచి ఇచ్చినవ్. 'ఒక్కన్నే వస్త. నవత ఎడిటింగ్‌ల సాయం చేస్తది.' గంతే.

…

పదకొండు రోజులైంది చదివి. ఆట వచ్చిన రోజే.

— అడగలే. నువ్వే చెప్తవనుకున్న. రోజు చాయ్ కాడ, ఇయ్యాల చెప్తడు అనుకున్న. మొన్న హబ్సిగూడల టిఫిన్ తినేటప్పుడు నోరు తెరిచినవ్, ఇగో, ఇప్పుడు చెప్తడు అనుకున్న. నువ్వు ఇంకింత చట్నీ అడిగినవ్.

— కోపం లేదు. కోపమొస్తె మంచిగుండు. చెయ్యి మీద తల పెట్టి పండుకుంటె తిమ్మిరెక్కుతది గదా, గిల్లినా తెల్వదు… గట్లున్నది నాకు. పదకొండు రోజులాయె.

మా అమ్మ అంటది, ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, ఏరు దాటినంక బోడి మల్లయ్య అని… తిడ్తలేను. సామెత చెప్పిన.

— రూమ్‌కు ఇగ రాను. నా కీబోర్డ్, నా కుర్చీ ఆటోల ఏస్కొని పొద్దుగాలనే హాస్టల్‌కు తెచ్చుకున్న. తాళంచెయ్యి కింది పోర్షన్ల ఉండే నాగమణి ఆంటీకి ఇచ్చిన. 'ఏమైంది బిడ్డా' అన్నది. పరీక్షలున్నయ్ అని చెప్పిన. నాకు పరీక్షలేంది, పీహెచ్‌డీ నాలుగో ఏడాదిల… ఆమెకు గూడ అర్థమయ్యే ఉంటది.

— వద్దు. సారీ చెప్పకు. చెప్తె నేను ఏదో ఒకటి అనాలె.

పెట్టెయ్యకు, ఆగు. ఇంకో లోపం ఉన్నది. స్క్రిప్ట్‌ల రాయలే.

— ఏ రివ్యూల లేదు. పొలాల దిక్కు ఎవరు చూస్తలేరు గదా, ఎట్ల తెలుస్తది?

ఆట మొదలైన నలభయ్యో నిమిషానికి ఎండాకాలం వస్తది. చెరువు ఎండిపోతది. అప్పుడు రైతులు పొలం కాడనే నిలబడ్తరు… ఊకె నిలబడ్తరు. ఏటి దిక్కు నీళ్ళున్నా పోరు. గంట మోగదు, స్క్రీన్ మీద ఎర్ర గుర్తు రాదు. గోదాముల ఉన్న ధాన్యం తినుకుంట సైన్యం ఇంకో ఐదు నిమిషాలు కొట్లాడ్తది. నువ్వు గెలుస్తున్న అనుకుంటవ్. తర్వాత ఒక్కపారి అందరు కూలబడ్తరు.

— ఆరు సార్లు ఆడి చూసిన. ఆరు సార్లు గదే. మా బాపు బోరు ఎండినప్పుడు గట్లనే గట్టు మీద నిలబడ్డడు, పొద్దూకేదాక. గందుకే నాకు అనుమానమొచ్చింది.

నీ శనివారం ఆట గంట సేపు. బరాబర్ తగుల్తది. అందరి ముంగట.

— నిన్నటి దాక చెప్పొద్దనే అనుకున్న. నిజం చెప్తున్న. నువ్వు స్టేజ్ మీద ఓడిపోయేది ఈ మెట్ల మీద కూసొని ఫోన్‌ల చూస్త అనుకున్న.

— ఎందుకు చెప్తున్ననా?… ఆరేండ్లు నీ సైన్యానికి అన్నం పెట్టిన. ఉపాసం పండవెట్టుడు నాకు చాతనైతలేదు. గంతే. నీ మీద ప్రేమ అనుకోకు.

రాసుకో. ముప్పై ఎనిమిదో నిమిషంల యుద్ధం ఇడిచిపెట్టి పొలాల కాడికి వెనక్కి రా. చెరువు కింది రైతులందరిని పట్టుకొని ఏటి ఒడ్డుకు తోలు. ఒకేసారి తోలకు, వంతెన మీద ఆగిపోతరు. పది పది మందిని పంపు. కొత్త పొలాలు గీయి, విత్తనం పోయమను. రెండు నిమిషాలు పడ్తది. నీకు మూడు పడ్తదేమో, అలవాటు లేదు.

— ఆ, అప్పుడు యుద్ధం నడుస్తనే ఉంటది. ఆగదు.

— టికెట్ పంపుతవా? ఇప్పుడు పంపుతవా?… వద్దు విష్ణు. నేను సాయం చేసేదాన్ని గదా, చేసిన. స్క్రిప్ట్ మెయిల్‌ల ఉన్నది. ఇగ నుంచి ఆ మెయిల్ నువ్వే రోజు తెరిచి చూస్కో.

…

ఏందీ? మళ్ళ చెప్పు, బస్ పోతున్నది.

…

గా రెండు నిమిషాలు నీ యుద్ధం ఎవరు చూస్కుంటరు అంటవా?

…

నన్నే అడుగుతున్నవా?

…

ఉంట మరి.