ఏడో సంతకం

చిలకలపూడిలో ఒక రోల్డుగోల్డు నగల షెడ్డు. మంగళవారం మధ్యాహ్నం. లోపల గాజుకు రాళ్ళు అతుకుతున్న అంకమ్మ, గుమ్మంలో పరిశోధక విద్యార్థిని కల్పన.

“మళ్ళీ చెప్తున్నా తల్లీ, చిలక అనే మనిషి ఇక్కడ లేడు.”

“పోనీ ఎక్కడున్నాడండీ?”

“ఎక్కడా లేడు. గాజులు కావాలా? చూపిస్తా.”

“గాజులొద్దండీ, చిలక కావాలి. ‘నగిషీ’ సాఫ్ట్‌వేర్ తెలుసు కదా మీకు?”

“తెలీదు.”

“మీ వెనక కంప్యూటర్లో తెరిచే ఉంది.”

“అదా. డిజైన్లు గీసుకోడానికి. ఊరికే వస్తుందని పెట్టుకున్నాం. తప్పా?”

“తప్పెందుకండీ, అది అందరిదీ. ఎక్కడెక్కడి వాళ్ళో జీతం లేకుండా దాని ప్రోగ్రాం రాస్తారు, ఎవరైనా దిద్దొచ్చు. నా పీహెచ్‌డీ వాళ్ళ మీదే. ఎవరు ఎవరికి జవాబిచ్చారు, ఎవరి పని ఎవరు సరిచేశారు, అన్నిటికీ గీతలు గీశాను. మూడొందల మంది, మూడొందల చుక్కలు.”

“ముగ్గేశావన్నమాట.”

“ముగ్గేనండీ. అందులో నడిమి చుక్క, ‘చిలక’ అనే పేరుతో రాసే మనిషి. అది చెరిపేస్తే ముగ్గంతా ముక్కలు. బ్రెజిల్ వాళ్ళకీ జపాన్ వాళ్ళకీ మాటల్లేవు.”

“పాపం.”

“నవ్వుతున్నారా?”

“లేదు లేదు, దగ్గు. ఇక్కడికెందుకొచ్చావు మరి?”

“బందరులో కరెంటు పోయినప్పుడల్లా చిలక మూగబోయింది. పైగా ఒక జర్మనీ ఆయన తొందరపెడితే, ‘అతుకు చల్లారాక చూస్తా’ అని రాసింది. అతుకులు పెట్టేది ఇక్కడ కాక ఇంకెక్కడండీ? పొద్దున్నుంచి పద్నాలుగు షెడ్లు తిరిగా. ఇది పదిహేనోది.”

“ఇంత ఎండలోనా? మజ్జిగ తాగు. దొరికితే ఏం చేస్తావు, పట్టిస్తావా?”

“అయ్యో, ఎవరికి పట్టిస్తానండీ. ఒక్క సంతకం చాలు. చిలక పగలూ రాత్రీ జవాబిస్తుంది. అది మనిషి కాదు, మిషనంటారు మా గైడు గారు. మనిషేనని సంతకం తెస్తేనే నా థీసిస్ మీద ఆయన సంతకం. ఎల్లుండి ఆఖరు తేదీ. దాటితే నాలుగేళ్ళ చదువూ గంగపాలే.”

“ఎవరాయన?”

“పాండురంగారావు గారని, గుడివాడ. గట్టి మనిషి లెండి. బుధవారమైతే ఫోన్ కూడా ఎత్తరు. ఎందుకండీ అంటే కసురుకుంటారు.”

“ఆహా.”

“ఏంటండీ?”

“ఏం లేదు, రాయి జారింది. సరే, కాగితం ఇటివ్వు. చిలకని నేనే.”

“మీరా? కాళ్ళు ముందుకు పెట్టండి, దణ్ణం పెట్టాలి.”

“ఆగాగు. నేను సోమవారమే. మంగళవారం తాతారావు.”

“అంటే?”

“మెరుగు పెట్టే తాతారావు. అదుగో, వెనక కూర్చుని వినబడనట్టు నటిస్తున్నాడే, ఆయనే. గురువారం నుంచి ఇంకో నలుగురున్నారు. వాళ్ళలో జేమ్స్‌కి చర్చి ఉంటుందని ఆదివారం ఇవ్వం. ఎవరి రోజు వాళ్ళు ఫోన్ పక్కలో పెట్టుకునే పడుకుంటారు.”

“ఒక్క పేరుతో ఇంతమందా? ఎవరి పేరుతో వాళ్ళు రాయచ్చు కదండీ?”

“ఈ గాజు చూడు. అచ్చు కొట్టింది ఒకరు, అతికింది ఒకరు, రాళ్ళు నావి, మెరుగు తాతారావుది. దీని మీద మా పేర్లున్నాయా? షెడ్డు ముద్ర, ఈ చిలక బొమ్మ ఒక్కటే. అక్కడా అదే వేశాం.”

“నా నడిమి చుక్క మనిషి కాదు. షెడ్డు.”

“ఏడుస్తున్నావా ఏంటి?”

“నవ్వొస్తోందండీ, ఆగట్లేదు. ‘ఒక్క మనిషి మీద ఇంత ఆధారపడితే ప్రమాదం’ అని నూట పది పేజీలు రాశాను. నూట పది. ఇక్కడేమో ఒకరు పడుకుంటే ఇంకొకరు లేస్తున్నారు. ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు.”

“అయితే నీ థీసిస్ పోయినట్టేగా?”

“పోలేదు, పెరిగింది. రెండ్రోజులు నిద్రపోను, తిరగరాస్తా. రోజుకొకరు లెక్కన మీ ఏడుగురి సంతకాలూ పెట్టించండి చాలు.”

“ఆరు ఇప్పుడే పెట్టిస్తా. ఏడోది నువ్వే తెచ్చుకోవాలి.”

“ఎవరిదండీ అది?”

“మూడేళ్ళ కిందట వాళ్ళావిడకి హారం కొనడానికొచ్చారు. మేం రాసింది చూసి, తప్పులు దిద్ది, నాకూ ఒక రోజు ఇవ్వండని కూర్చున్నారు. మా గుట్టు ఎవరికీ చెప్పనని మాటిచ్చారు. నోటితో చెప్పలేక, నిన్నిలా తరిమారు.”

“నన్నా? ఎవరండీ తరిమింది?”

“పొద్దున్నే గుడివాడ బస్సెక్కు. ఫోన్ మాత్రం చెయ్యకు, మీ గైడు గారు ఎత్తరు. రేపు బుధవారం.”