లేవగూడని పని

ఎమ్మిగనూరు, నేతగాళ్ళ వీధి. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, కొత్త పడుగు ముందేసుకుని శేషప్ప వంగి కూర్చున్నాడు. గుమ్మం దగ్గర భార్య భీమమ్మ రాట్నం మీద, నాడెలో పెట్టే దారం కండెలు చుడుతోంది. అదే వీధి నేతగాడు బసవన్న బొంబాయి నేత ఎగ్జిబిషన్‌కు వెళ్ళి తిరిగొచ్చినప్పటి నుంచీ శేషప్పకు అన్నం సరిగా దిగడం లేదు. ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదని ఒట్టు పెట్టింది తనే, పొద్దస్తమానం ఎత్తేదీ తనే.

“సాలువా కప్పుకోని వీదంతా తిరుగుతాండాడంట గదా, నీ బసవన్న?”

“నా బసవన్న యాడనుంచి వచ్చెనయ్యా? సలేసిందేమో, కప్పుకున్నాడు.”

“ఈ ఎండకా? బొంబాయోళ్ళు కప్పినారని నలుగురికీ సూపియ్యల్ల గదా, అందుకు. వాని నేత నాకు తెలీదా? అంచు నిలబడదు. ఏం సూసి కప్పినారో!”

“పోయినాడు గదా. అందుకు కప్పినారు.”

“అంటే?”

“ఏం ల్యా. పోయినాడు అంటి.”

“ల్యా ల్యా, అందులో ఏందో ఉండాది. నేను పోలేదని గదా? నేతగాళ్ళ సొసైటీవోళ్ళు మొదట యెవుర్ని పిలిసినారు? సెప్పు. నన్నా, వాన్నా?”

“నిన్నే.”

“ఆఁ. అది గ్యాపకం పెట్టుకో.”

“గ్యాపకం ల్యాకేం? సంచి సర్దినా. రొట్టెలు కాల్చి గుడ్డలో కట్టినా. తీరా ఆదోని బస్సు టయానికి నువ్వీ గుంతలోకి దిగి అచ్చు అతకబడితివి.”

“పాత దారాల కొసలకు కొత్త దారాలు అతికేటప్పుడు సగంలో లేయగూడదు మే! మా నాయన లేయలేదు, మా తాత లేయలేదు. లేస్తే మగ్గానికి కీడు. నేతగాని ఇంట్లో పుట్టిందానివి, నీకు తెలీదా?”

“తెలుసు. బస్సు పోయిన కాసేపటికే నువ్వు లేచి టీ తాగను పోతివే, అదే తెలీకపోయె.”

“గొంతెండింది.”

“ఊ.”

“ఊ అంటే?”

“ఊ అంటే ఊనే. ఆడ జనం విరగబడి వస్తారంట. కోట్లేసుకున్నోళ్ళు, దొరసానులు, మగ్గం సుట్టూ నిలబడి సూస్తారంట. బసవన్న బెదిరిపోతే, పోగుల నడమ ఇసిరే నాడె జారి ఎగిరి కింద పడిందంట.”

“పడిందా? యెవురు సెప్పినారు?”

“వాని పెండ్లామే.”

“హహ్హహ్హ! అట్ల సెప్పు! అందరి ముందరా పడిందా? సాలువా కప్పింది దానికేనా? పడినాక యేం సేసినాడంట?”

“యేం సేస్తాడు? యెత్తుకోని మళ్ళా నేసినాడంట.”

“మళ్ళా నేసినాడా?”

“నవ్వు ఆగిపోయెనే?”

“కండెలు సుట్టు మే. మాటల్లో పడితే దారం తెగుతాది.”

“తెగితే అతుక్కుంటా.”

“అది సరే. నేను బజారుకు పోయినప్పుడు సొసైటీ అబ్రహాం సారు మనింటికి వచ్చినాడంట?”

“వచ్చినాడు. మళ్ళా బొంబాయిలో ఎగ్జిబిసనంట. రేపు పొద్దున బస్సుకు ఆదోని, ఆడనుంచి రైలు.”

“తెలుసు, బజార్లో ఇన్నా. అందుకే ఇంటికి రాంగానే అచ్చు…”

“అందుకే?”

“అందుకే అంటే… పని ఉండె, కూసుంటి. సారుకు సెప్పు, శేషప్ప ఇప్పుడు లేసేదానికి ల్యా అని. ఆ బసవన్ననే పిలుసుకోనీ. వానికే ఇంకో సాలువా కప్పుకోనీ. నన్ను గడ్డం పట్టుకోని బతిమాలినా నేను రాను.”

“బతిమాలేదానికి రాలేదు.”

“ఆఁ?”

“ఆయప్ప వచ్చింది నాకోసరం.”

“నీకోసరమా?”

“కండె సుట్టేది గూడా జనానికి సూపియ్యల్లంట. భీమమ్మ కండె మాదిరి గట్టి కండె వీదిలో ఇంకొకటి ల్యాదు అన్నాడు. సారు పెండ్లాం నాకు తోడుగా వస్తాదంట.”

“కండె! అదొక ఇద్దెనా? పండ్లూడిన ముసల్ది గూడా సుడతాది. నేను నేసే సీర ఇడిసిపెట్టి నీ కండె సూస్తారా?”

“సూస్తారంట.”

“నీకూ సాలువా కప్పుతారేమో!”

“కప్పితే కప్పించుకుంటా.”

“ఆదోని జాతరలో తప్పిపోయి, నడి బజార్లో నిలబడి యేడ్చిందానివి! నువ్వు బొంబాయికా?”

“ఇప్పుడూ యేడుపే వస్తాండాది. సారు వచ్చిపోయినప్పట్నుంచి దారం తెగేది నీ మాటలకు కాదు, భయానికి. రైలెక్కల్ల. తెలీని ఊరు, తెలీని బాస.”

“అయితే రానని సెప్పు. పోయేదానికి ఈడేం తక్కువైందని?”

“వస్తానని సెప్పినా.”

“భయమని నువ్వే అంటివి గదే!”

“భయమే. భయపడతానే పోతా. నిన్ను సూసినా గదా. పోకుండా ఇంట్లో కూసున్నావు, నీ భయం పోయిందా? దానికి కుళ్ళు గూడా తోడాయె.”

“నాకేం కుళ్ళు? నాకెందుకుంటాది కుళ్ళు?”

“నా కండ్లల్లోకి సూసి సెప్పు.”

“అట్ల సూడొద్దు. సరే, కుళ్ళే! వాడు పోయొచ్చినాడని కుళ్ళు. ఇప్పుడు నిన్ను పిలిసినారని నీ మీద గూడా కుళ్ళు. సాలా?”

“సాలు.”

“ఆడ మగ్గం మీద యెవురు కూసుంటారు?”

“యెవురు కూసుంటారు? బసవన్న.”

“నువ్వు సుట్టిన కండె వాడు నాడెలో పెట్టుకుంటాడా?”

“పెట్టుకోకపోతే యెట్ల నేస్తాడు?”

“నేనొప్పుకోను! పెండ్లయినకాడ్నుంచి నీ కండె ఈ మగ్గం దాటి పోలేదు. వాని నాడెలోనా? ఆ వంకర అంచు నేసేవాని నాడెలోనా?”

“అరవద్దు, వీదంతా ఇంటాది. నేను మాత్రం అడగలేదనుకున్నావా? నీ పేరు నేనే యెత్తినా. మొగుడూ పెండ్లాం జతగా వస్తే ఇంకా మేలే, కానీ మీ ఆయప్ప మళ్ళా రాడేమోమ్మా, అన్నాడు సారు. బసవన్నకు ఇంకా సెప్పలేదు. నువ్వొస్తావో రావో సాయంత్రం లోపల సెప్పమన్నాడు.”

“మరి నాకు సెప్పాల్సిన పని ల్యా?”

“యెప్పుడు సెప్పల్ల? బజారు నుంచి రావడం రావడమే గుంతలోకి దిగితివి. సగంలో లేపితే మగ్గానికి కీడు. కానీలే, పోయి బసవన్ననే పెట్టుకోమని సెప్పొస్తా. నువ్వు లేయొద్దు.”

“ఆగు.”

“పొద్దు వాలుతాండాదయ్యా.”

“ఆగు మే! ఈడికొచ్చి సూడు. ఒక్క దారం గూడా అతకలేదు నేను. వచ్చినప్పట్నుంచి ఉత్త సేతులే తిప్పుతాండా. సారుకు ఇద్దరమూ వస్తామని సెప్పు, పో.”