కాఫీ పాలిచ్చిన పంకజాక్షి

ఏడుకొండలవాడి దయవల్ల తిరుపతిలో నీళ్ళకు కటకట వచ్చింది, కిరసనాయిలుకు వచ్చింది, ఒక యేడు చక్కెరకూ వచ్చింది గానీ, మాటలకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు. అందులోనూ గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ముకుందం ఇంటి తిన్నె మీద అసలే రాలేదు.

ఇది డెబ్భై ఏడో సంవత్సరం సంగతి. కాఫీపొడి ధర అలిపిరి దాటి, గాలిగోపురం దాటి, మోకాళ్ళమెట్టు కూడా ఎక్కేసి ఇంకా పైకి చూస్తున్న రోజులు. కాఫీపొడి డబ్బాను దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. అలాంటి రోజుల్లో, అదీ నెలాఖరులో, అదీ శుక్రవారం నాడు, సత్రంలో గదుల తాళాలు చూసే ఉద్యోగం చేస్తున్న ముకుందం డ్యూటీ దిగి వస్తూ బస్టాండు దగ్గర మూడు కొత్త గుండ్లను చూశాడు. గుండ్లకు రాసుకున్న గంధం ఇంకా ఆరలేదు. చూసినవాడు ఊరికే ఉండగలడా? ఉండలేకపోయాడు. "సుబ్బులమ్మక్కా, మా ఇల్లు దాటిపోతారా మీరు?" అని కేకేసి ముగ్గురినీ వెంటబెట్టుకొచ్చేశాడు.

సుబ్బులమ్మ, ఆమె మరిది మునస్వామి, వాళ్ళకు తోడుగా వచ్చిన ఓబయ్య, ముగ్గురూ బంగారుపాళ్యం పక్కన ముకుందం సొంతూరి మనుషులు. ముకుందం నాయన ఆ ఊరి పెరుమాళ్ళ గుడిలో పూజ చేసి, తర్వాత తిరుపతికి కాపురం మార్చినవాడు. మారుస్తూ ఒక నియమం పెట్టుకున్నాడు. మన ఊరివాళ్ళు కొండ దిగివస్తే మన తిన్నె మీద కూచుని వేడివేడిగా కాఫీ తాగాకే బస్సెక్కాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట తప్పలేదని ఊరంతా చెప్పుకుంటారు. 'పెద్దసామి ఇంట్లో కాఫీ' అంటే ఆ పల్లెలో లడ్డు తర్వాత లడ్డంతటిది. పెద్దసామి పోయి నాలుగేళ్ళయింది. ఆ గడప పేరు ఇప్పుడు ముకుందం నెత్తిమీద ఉంది.

ముగ్గురినీ తిన్నె మీద కూచోబెట్టి లోపలికి వెళితే భార్య కల్యాణవల్లి తలుపు చాటుకు పిలిచింది.

"డబ్బా పొద్దున్నే దులిపేసినాను. మీరు తాగిందే ఆఖరిది."

"చేబదులు అడిగితే?"

"ఈ పొద్దు శుక్రవారం. ఎవరిస్తారు?"

ఆ సంగతి ముకుందానికి అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం పూట ఇంట్లోని వస్తువు గడప దాటిస్తే లక్ష్మి కూడా దాని వెంటే వెళ్ళిపోతుందని ఆ వీధిలో ఉప్పుకల్లు కూడా ఇవ్వరు. అయితే కాఫీపొడి ఈ కట్టుబాటు కిందికి వస్తుందో రాదో ఏ పెద్దలూ తేల్చి చెప్పలేదు. ఆ ఒక్క ఆశ పట్టుకుని కల్యాణవల్లి గ్లాసు కొంగు కింద దాచుకుని పెరటి దారిన బయల్దేరింది.

"ఎంతసేపు పడుతుంది?"

"దొరికిందాకా. మీరు మాట్లాడుతూ ఉండండి. అది మీకు నేను నేర్పాలా."

ముకుందం తిన్నె మీదికొచ్చి, స్తంభానికి వీపు ఆనించి, గొంతు సవరించుకున్నాడు. మునస్వామి అప్పటికే ఎండ వంక చూస్తున్నాడు. "సామీ, పూతలపట్టు మీద పొయ్యే బస్సు నాలుగింటికి. మళ్ళా సీటు దొరకదు."

"ఇంకా మూడే కదప్పా. కాఫీ పొయ్యి మీదుండాది, తాగి పోదురు. కాఫీ అంటే గుర్తొచ్చింది. మొన్న కరువు రోజుల్లో మా ఇంట్లో ఒక గ్లాసు కాఫీపొడి పదైదు దినాలు వచ్చింది. ఎట్లొచ్చిందో తెలుసునా?"

"ఎవురింట్లో అయినా వస్తాది," అన్నాడు మునస్వామి. "తాగకుండా ఉంటే."

"తాగకుండా కాదు, రెండు పూటలా తాగి. పొడి ఫిల్టర్లో వేసి వేణ్ణీళ్ళు పోస్తే దిగే మొదటి డికాషన్ ఉండాదే, అది వచ్చినోళ్ళకి. అదే పొడి మీద మళ్ళా పోస్తే రెండోది, అది నాకు. మూడోది మా ఇంటామెకు. అంతే, చిన్న ఉపాయం."

చెప్పి, ఒక చెవి పెరటి వైపు వేశాడు. తలుపు చప్పుడు లేదు. మునస్వామి సంచి సర్దుకుంటున్నాడు. ఇక కథను మూడో డికాషన్ దగ్గర ఆపితే లాభం లేదు.

"ఆడికి నిలిచిపోయిందా అంటే, లేదు. నాలుగో డికాషన్ కూడా తీసినాం. దాన్ని తాగలేం, పారపోయలేం. అప్పుడేం చేసినామో తెలుసునా? సిరాబుడ్డిలో పోసినాం. మా పెద్దోడు ఆ యేడు పది పరీక్షలన్నీ దాంతోనే రాసినాడు. దిద్దిన అయ్యవారికి ఆ వాసనకు రాత్రంతా నిద్దర పట్టక, ఒక్కో పేపరు రెండు మాట్లు చదివి, వదిలేసిన మార్కులు గూడా వెతికి వెతికి ఏసినాడు."

ఓబయ్య నోరు తెరిచాడు. దేవుడి మీద ఎంత నమ్మకమో మనిషి నోటి మీదా అంతే నమ్మకం ఉన్నవాడు. "అయితే మావోడికి గూడా అదే పోసిస్తా సామీ. రెండు మాట్లు తప్పినాడు."

"పోసియ్యి, పోసియ్యి. అయితే నాలుగో డికాషన్ అని గుర్తుపెట్టుకో. మూడోదైతే ఎక్కువైపోయి కలెక్టరు అయిపోతాడు, మళ్ళా నీ మాట వినడు."

సుబ్బులమ్మ నవ్వుతూ లేచింది. "మొగం కడుక్కోనొస్తా" అని నడవలోంచి పెరటి బావి దగ్గరికి నడిచింది. ముకుందం ప్రాణం ఆమె వెనకే పెరట్లోకి పోయింది. పిలిచి ఆపేదానికి సాకు దొరకలేదు. ఆమె తడి మొహంతో తిరిగొచ్చి, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ ఉన్నచోటే కూచుంది. స్వామీ, నువ్వే కాపాడినావు అనుకుని ముకుందం మరింత ఊపందుకున్నాడు.

"ఆ పిప్పి ఉండాదే, నాలుగు మాట్లు పిండిన పిప్పి, దాన్ని పారేసేదానికి మా ఇంటామెకు మనసు రాలేదు. తవుడులో కలిపి మా ఆవుకు పెట్టింది. పంకజాక్షి అని, పేరు మా నాయనే పెట్టినాడు. ఒక వారం తినింది. ఎనిమిదో నాడు పొద్దున పాలు పిండితే ఏమైందో తెలుసునా?"

"పాలు ఎండిపోయినాయా?" అన్నాడు ఓబయ్య దిగులుగా.

"పాలు ఎర్రగా దిగినాయప్పా. వాసన చూస్తే కాఫీ. ఫిల్టరు కడిగి అటక మీద బోర్లించేసినాం."

మునస్వామి గంధం గుండు నిమురుకున్నాడు. "సక్కెర?"

"అడుగుతావని తెలుసు. చక్కెరకు కంట్రోలు అంగడి చుట్టూ ఎవరు తిరుగుతారని, మీ చిత్తూరు పక్కనుంచి బండెడు చెరుకాకు తెప్పించి మేపినాను. మూడో నాటికి తీపి వచ్చేసింది. కొంచెం ఎక్కువే వచ్చిందని మా ఇంటామె సణిగితే మళ్ళా రెండు కట్టలు తగ్గించినాం."

పెరటి వైపు ఇంకా చప్పుడు లేదు. ఎండ తిన్నె రెండో మెట్టుకు దిగింది. ముకుందం నోరు నవ్వుతోంది గానీ మనసంతా కల్యాణవల్లి మీదే ఉంది. ఏ ఇంటి గుమ్మంలో నిలబడి ఉందో, ఎవరు ఏం మాటన్నారో. ముప్ఫై ఏళ్ళ పేరు, ఒక్క గ్లాసు పొడికి పోతుందా?

"సరే, తీపి వచ్చింది, రంగొచ్చింది. కాచాల గదా," అన్నాడు మునస్వామి. "కట్టెలు యాడ దొరికినాయి?"

"కట్టెలా? మా పెరట్లో చైత్రమాసం ఎండ నువ్వు చూసినట్టు లేవు. పంకజాక్షిని పన్నెండు నించి రెండు దాకా ఎండలో కట్టేసేది. రెండింటికి కింద గ్లాసు పెట్టి పిండితే పొగలు కక్కుతా, నురగతో దిగేది. తిరగబోసే పనిగూడా లేదు. ఆ వాసనకు వీధి వీధంతా గ్లాసులు పట్టుకోని వచ్చినారు. కొండకు పోవాల్సినోళ్ళు దోవ మరిచి మా సందులో నిలబడినారు. ఇదే ధర్మదర్శనం లైను అనుకోని పాపం ఒక ముసలాయన టెంకాయ గూడా తెచ్చినాడు."

"కొట్టినాడా?"

"ఆవు కొమ్ముకే కొట్టినాడు."

ఓబయ్య చేతులు జోడించాడు. ముకుందానికి ఆ జోడించిన చేతులు చూస్తే కొంచెం సిగ్గేసింది. అయినా ఆగే వీలు లేదు. మునస్వామి ఒక కాలు మెట్టు మీద పెట్టేశాడు.

"కూచో మునస్వామీ, అసలు కష్టం ఇప్పుడు కదా మొదలు. దూడ ఉండాది కదా, అది తాగేదీ ఆ పాలే. దానికి నిద్దర పట్టేది మానేసింది. ఒకనాడా, రెండునాళ్ళా? మూడు నెలలు కన్ను మూయలే. రాత్రంతా వీధిలో తిరిగి ఎవరింటి తలుపు గడియ సరిగా పడలేదో చూసొచ్చేది. గూర్ఖాకు పని లేకుండా పోయింది. సుప్రభాతానికి గంట ముందే ప్రతి గుమ్మంలో నిలబడి అంబా అనేది. మా వీధిలో అలారం గడియారాలన్నీ అమ్మేసినాం. ఒకనాడు తెల్లవారుజామున లేచి చూస్తే ఏం చేస్తా ఉండాదో తెలుసునా? నా కళ్ళద్దాలు..."

అక్కడ ముకుందం చూపు లోపలికి మళ్ళింది.

నడవ చివర కల్యాణవల్లి నిలబడి ఉంది. మొహమంతా చెమట. కొంగు కింది గ్లాసు బయటికి తీసి, బోర్లించి చూపింది.

"కళ్ళద్దాలు?" అన్నాడు ఓబయ్య.

ముకుందానికి కళ్ళద్దాలూ గుర్తురాలేదు, దూడా గుర్తురాలేదు. "ఆవును... ఆవును తర్వాత గోశాలకిచ్చేసినాం" అన్నాడు, ఎవరో అడిగినట్టు.

సుబ్బులమ్మ తడి మొహం కొంగుతో నిదానంగా తుడుచుకుంది.

"ఆవును గోశాలకిచ్చినావు, పుణ్యమే. అమ్మణ్ణిని ఇంకా ఎన్ని ఇండ్లు తిప్పుతావు సామీ?"

ఓబయ్య ముకుందం వంకా, ఉత్త గ్లాసు వంకా చూశాడు.

"ఇందాక బావి కాడ సూసినా. గోడకవతల మూడో ఇంటి పెరట్లో ఉత్త గ్లాసు పట్టుకోని నిలబడుండాది. ఆ ఇంటామె తలుపు సగం మూసి, శుక్రారం శుక్రారం అని సెయ్యి ఊపతా ఉండాది. నువ్వేమో ఈడ ఆవును పిండతా ఉండావు."

ముకుందం తల వంచుకున్నాడు. "అక్కా, నాయన ఉన్నన్ని దినాలు ఈ గడపలో ఒక్కరు గూడా ఉత్త గొంతుతో పోలే. నా చేతికొచ్చినాక ఆ మాట పోయింది. అది నేను మీతో చెప్పలేక..."

"ఒక్కరు గూడా పోలేదని నీకెవురు సెప్పినారు?"

"ఊరంతా చెప్తారు కదా."

"సెప్పేది మేమే కదా," అంది సుబ్బులమ్మ. "నా పెద్దోడికి పుట్టెంటికలు తీసిన యేడు. రేషను బియ్యం రోజులు. ఇదే తిన్నె. నువ్వు బడికి పొయ్యుంటివి. మీ నాయన ఒక ఏనుగు కథ ఎత్తుకున్నాడు. ఒక గంట సెప్పినాడు, రెండు గంటలు సెప్పినాడు. ఆ ఏనుగు ఎంతకూ కొండ దిగదే. కడాకు మీ అమ్మ శొంఠి, బెల్లం ఏసి కాసిన నీళ్ళు తెచ్చి మా ముందర పెట్టి, తల ఎత్తకుండా లోపలికి పొయ్యింది. ఆయమ్మ మొగం సూసి మేం నోరెత్తలే. తాగినాం. ఊరికి పొయ్యి, పెద్దసామి ఇంట్లో కాఫీ తాగొచ్చినాం, ఏం సిక్కదనం, ఏం వాసన, రెండు దినాలు నాలిక మీదనే ఉండాది అని సెప్పినాం. అప్పుటి నించి సెప్తానే ఉండాం."

మునస్వామి నేల చూపులు చూస్తూ చిన్నగా అన్నాడు. "నేను గూడా ఒక మాటు ఆ నీళ్ళే తాగినా సామీ. బాగనే ఉండె."

"ఈ గడప పేరు మీ నాయన ఒక్కడు కోసిన కోతలతో నిలబడలే," అంది సుబ్బులమ్మ. "సగం మావి."

ఆమె సంచి ముందుకు లాక్కుని, స్వామి పటం, గాజులు, పసుపు కుంకుమ పొట్లం ఒక పక్కకు జరిపి, అడుగునుంచి దారం చుట్టిన కాగితం పొట్లం తీసింది. విప్పకముందే వాసన తిన్నెంతా నిండింది. కోడలికని మిషనులో అప్పుడే ఆడించుకొచ్చిన కాఫీపొడి.

ముకుందం రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దక్కా. శుక్రవారం పూట నీ ఇంటి లక్ష్మిని నేను తీసుకోను."

"నా ఇల్లు బంగారుపాళ్యం కాడుండాది. ఇది సంచి. అమ్మణ్ణీ, ఇట్ల రా తల్లీ."

కల్యాణవల్లి గ్లాసు తిప్పి పట్టుకుంది. సుబ్బులమ్మ కొలవకుండా పోసింది. బస్టాండు వైపు నుంచి బస్సు హారను వినబడింది. మునస్వామి మెట్టు మీద పెట్టిన కాలు తీసి మళ్ళీ మఠం వేసుకున్నాడు. "ఆరింటికి ఇంకోటుండాదిలే."

కొంచెంసేపటికి కల్యాణవల్లి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "నీళ్ళు పోసినాను, డికాషన్ దిగేదానికి కాసేపు పడుతుంది. అంతలోపల ఆ ఏనుగు కథ చెప్పండి సుబ్బులమ్మా. మా మామగారు నాకెప్పుడూ చెప్పలేదు."

సుబ్బులమ్మ కాళ్ళు చాపుకుని, వెనక్కి జరిగి, స్తంభానికి వీపు ఆనించుకుంది. ముకుందం లేచి తిన్నె దిగాడు. దిగి, కింది మెట్టు మీద ఓబయ్యను కొంచెం జరగమని, ఆ పక్కన కూచుని, మొహం పైకెత్తాడు.