మూడో సంచి మీంచి పరుగు

విజయనగరం, పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలం. గోనెసంచులే బేసులుగా పరిచి నిన్న జూటుమిల్లు మైదానంలో ఆడిన సాఫ్ట్‌బాల్ ఆటలో కొండబాబు దెబ్బతిని పడిపోయాడు. పరిగెత్తుకొచ్చి అతన్ని గుద్దిన బావమరిది పైడిరాజు మట్టిబట్టలతోనే పంపుషెడ్డులో దాక్కుంటే, తెల్లారాక పైడిరాజు అప్ప, అంటే అక్క, కొండబాబు భార్య అసిరమ్మ ఆసుపత్రి నుంచి తిన్నగా అక్కడికొచ్చింది.

"మళ్లీ సెప్పు. మొదట్నించీ సెప్పు."

"ఎన్నిసార్లు సెప్పాలప్పా? మూడో సంచి మీద నేనున్నాను. హోం కాడ, అదే పరుగు పూర్తయ్యే ఆఖరి సంచి కాడ, బావ నిలబడినాడు. బంతి గాల్లోకి లేసింది. ఆ మూలనున్నోడు పట్టీసి బావకి ఇసిరినాడు."

"పట్టీస్తే నువ్వవుటు కాదేటి?"

"కొట్టినోడవుటు. నేను కాదు. బంతి పట్టిందాకా సంచి మీద కాలుండాల, పట్టినాక పరిగెట్టొచ్చు. అలాగే పరిగెట్టినాను. రూలే అది."

"తర్వాత?"

"తర్వాతేటి, బావ అడ్డంగా నిలబడిపోనాడు. సేతిలో బంతి నేకపోతే దారికడ్డం ఉండకూడదు. అదీ రూలే. దారి నాది."

"బంతి ఉంటే?"

"ఉంటే... పరిగెట్టినోడే తప్పుకోవాల. నేదంటే కిందకి జారాల. గుద్దకూడదు."

"బంతి ఉందా, నేదా?"

"దుమ్మప్పా. అంపైరు గణపతిరావు మాస్టారికే కనిపించనేదు. నాకేటి కనిపిస్తాది?"

"నీ మోకాలు ఎక్కడ తగిలింది?"

"గుండెల మీద."

"పరిగెట్టినోడి మోకాలు గుండెల మీదకి ఎలా లెగుస్తాదిరా?"

"ఎగిరినాను."

"ఎందుకెగిరినావు?"

"ఏటప్పా, పోలీసోడిలాగ..."

"పోలీసోడే అడిగినాడు. ఆసుపత్రి వరండాలో, నన్ను."

"ఏటి సెప్పినావు?"

"ముందు నువ్వు సెప్పు. ఎముకలిరిగిన సప్పుడు ఇన్నావా?"

"ఇన్నాను."

"ఇన్నాక లెగిసి మడంతో ఎందుకు తొక్కినావు?"

"నీ సెయ్యి సూపించు."

"నా సెయ్యికేటి?"

"జాకెట్టు సెయ్యి పైకి లాగు. కొరివితో ఎవుడు కాల్చినాడు? మూణ్నెల్లుగా పొయ్యి కాడ కాలిందంటన్నావు. పొయ్యి మోచేతి పైదాకా ఎక్కుతాదేటి?"

"అది నా గొడవ."

"నాదీ. బావ సేతిలో బంతుందప్పా. తెల్లగా కనిపించింది. నాకు తాకించి అవుటు సెయ్యడానికి సాపినాడు. తప్పుకోడానికి సోటుంది, తప్పుకోనేదు. నీ సెయ్యే కళ్ల ముందుంది."

"ఇంకెవుడికైనా సెప్పినావా?"

"నేదు. బావకి మెలకువొస్తే ఆడే సెప్పేస్తాడు."

"ఆడు సెప్పడు."

"అంటే?"

"కోడికూతేల పోనాడు. నోట్లోంచి నెత్తురు ఆగనేదు. నా కోకంతా అదే, సూడు."

"అప్పా... సంపాలనుకోనేదు. మంచాన పడితే నిన్ను కొట్టడనుకున్నాను. అంతే."

"ఏడవకు. పదేళ్లు కాపురం సేసినాను, నాకూ ఏడుపొస్తంది. పోలీసోడికి ఒకటే సెప్పినాను. ఆడి సేతిలో బంతి నేదు, మైదానం గట్టు మీంచి నా కళ్లతో సూసినాను అని."

"నమ్మినాడా?"

"పోయినోడి పెళ్లాం సెప్తే నమ్మడేటి?"

"అందరూ ఎగబడినారు గదప్పా. ఎవుడో ఒకడు బంతి సూసే ఉంటాడు."

"అందరికన్నా ముందు నేను పడినాను ఆడి మీద. గొల్లుమని ఏడుస్తానే ఆడి సేతి ఏళ్లు ఒక్కోటీ ఇడదీసి, బంతి కొంగులో కట్టీసినాను. ఆడు నాకేసి సూస్తానే ఉన్నాడు."