సొట్టలు తీసిన కళాయి మౌలాలీ

మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దుటి నుంచి ముసురు తెరిపివ్వలేదు. ఆ బట్టలు ఇప్పుడేం ఆరవుగానీ, ఇటొచ్చి కూర్చో అమ్మాయ్. ఏంది, ఆ ఇత్తడి గిన్నె మీద పేరా? చదువు చూద్దాం. ఆఁ, శివరామయ్యే. మనింట్లో శివరామయ్యలు ఎవరూ లేరు, నిజమే. మీ మామ దానయ్య, ఆయన తండ్రి ఏసోబు. అయితే ఎవరిదో ఎత్తుకొచ్చామనా నీ అనుమానం? నవ్వుతా అడిగినా అడిగింది అదేగా. అడుగు, కొత్త కోడలివి, అడగాల్సిందే. ఎత్తుకొచ్చింది కాదు. అది కళాయి మౌలాలీ చేసిన పని.

మౌలాలీ మామ పోయి పద్నాలుగేళ్లు. నువ్వు చూసుండవు. ఇప్పుడు అందరిళ్లలో స్టీలు వచ్చింది, కళాయి అంటే మీకు తెలీదు. అప్పుడన్నీ ఇత్తడివే. లోపల తగరం పూత లేకపోతే పులుసు చిలుమెక్కేది, తిన్నవాళ్లు కక్కుకునేవాళ్లు. ఆయన వాగు పక్కన గుంట తవ్వి, తిత్తి బిగించి, పొద్దస్తమానం ఆ పొగలోనే ఉండేవాడు. పెద్ద గంగాళమైతే అందులో దిగేవాడు. ఇసుక వేసి, నడుం ఊపుకుంటా కాళ్లతో తోమేవాడు. పిల్లలు చుట్టూ చేరి నవ్వితే ఆయనా నవ్వేవాడు. చదువు లేదు. గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటారు గదా, ఆయనకి అవి గీతలే. సొట్టలు చూసి గుర్తుపట్టేవాడు. “మూతి కాడ సొట్ట, ఇది ఫాతిమాది. అడుగున రెండు సొట్టలు, ఇది మీ అత్త పిచ్చమ్మది. కోపమొస్తే ఇసిరేస్తది గదా” అనేవాడు నాతో. నరసరావుపేటలో ఏ ఇంట్లో ఎప్పుడు పోట్లాట అయిందో ఆయనకి తెలిసినట్టు పోలీసులకి గూడా తెలీదు.

ఎక్కడున్నా? ఆఁ, వాగు. మన పల్లే, మౌలాలీ మామోళ్ల సాయిబుల బజారూ వాగుకి ఇవతల. బడి, ఆసుపత్రి, అంగళ్లు అన్నీ అవతల. ఎండాకాలం పాదాలు తడిసేవి కాదు. వానల్లో రెండు నెలలు ఎప్పుడు పీకల దాకా వస్తదో తెలీదు. స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏడు, తొలకరి వానలు. మీ ఆడబిడ్డ ఎస్తేరు అప్పుడు ఏడేళ్లది. బడి నుంచి వస్తా జారింది. మౌలాలీ మామ కొలిమి వదిలేసి దూకాడు. జడ చేతికి దొరికింది. దాన్ని తెచ్చి నా ఒళ్లో పడేశాడు. నేను ఏడవలేదు. దాని జడ పిండి తుడుస్తా కూర్చున్నా. సరేలే. ఆయన నీళ్లోడతా గుమ్మంలో నిలబడ్డాడు. “ఈ వాగు మీద నడిచి దాటడానికి చప్టా కావాల అమ్మాయ్. పన్నెండేళ్లుగా అడుగుతున్నాం. శివరామయ్య గారు చూద్దాం అంటాడు. ఇంక అడగను. మునిసిపాలిటీలో ఆ కుర్చీ మీద నేనే కూర్చుంటా.” ఆయన భార్య హజ్రా బీ వెనకే వచ్చింది. “కుర్చీలో కూర్చుంటే నడుం పట్టుద్ది నీకు. గుంటలో అలవాటైన ప్రాణం” అంది.

శివరామయ్య అంటే పత్తి వ్యాపారి. పన్నెండేళ్లుగా మన వార్డుకి ఆయనే మెంబరు. మంచోడే. వాగు దాటి ఎప్పుడూ రాలేదు, అంతే. ఆయనకి ఎదురు నిలబడాలంటే ఉపన్యాసం చెప్పాలి, కండువా వేసుకోవాలి. మౌలాలీ మామకి అవేవీ రావు. “నాకొచ్చిన పనితోనే అడుగుతా” అన్నాడు. ఆ ఏడు ఎన్నికలూ దసరా రోజుల్లోనే పడ్డాయి. దసరాకి ఎటూ అందరూ కళాయి వేయిస్తారు. ఊరి గిన్నెలన్నీ తెప్పించుకున్నాడు. ఈసారి సొట్టలు గూడా ఊరికే తీసిస్తానని చాటించాడు. వారం రోజులు సుత్తి చప్పుడే. తీశాడు. ఒక్క సొట్ట మిగల్చలేదు. అన్నీ అద్దాల్లాగా తోమి, గట్టు మీద వరసగా బోర్లించి, పంచుదామని లేచాడు. లేచినవాడు అట్టాగే నిలబడిపోయాడు.

ఆఁ, నీకర్థమైంది. ఆయనకి అప్పటిదాకా కాలేదు. ఎవరినన్నా పిలిచి పేర్లు చదివించుకోవచ్చు గదా. సిగ్గు. మెంబరు కాబోయేవాడు చెంబు మీద పేరు చదవలేడంటే ఎట్టా అని. అందాజుగా పంచేశాడు. తెల్లారేసరికి ఊరంతా గగ్గోలు. మనం మాంసం వండుకున్న గిన్నెలు ఉల్లిపాయ వాసన పడని ఇళ్లకి పోయాయి. వాళ్ల మడి గిన్నెలు మనకొచ్చాయి. శివరామయ్య మనుషులు బజార్లో నిలబడి, “గిన్నెలు పంచలేనోడు చప్టాలేస్తాడంట!” అని ఒకటే నవ్వు. మౌలాలీ మామ రెండు రోజులు కొలిమి ముట్టించలేదు. పోలింగు ఇంకో పది రోజులుంది. హజ్రా బీ ఒకటే మాట. “ఇచ్చినోడివి నువ్వు. ఎవరిది వాళ్లు ఎతుక్కోండని చెప్పేది గూడా నువ్వే. లెగు.”

ఇంక చూడాలి. ఊరి ఆడవాళ్లు ఇటు, మన ఆడవాళ్లు అటు. చేతిలో గిన్నె, చంకలో చెంబు. “ఇది మీదా వొదినా?” “మాది కాదమ్మా, మాది కొంచెం లావు.” మా అత్త ఒక్క చెంబు కోసం మూడు వీధులు తిరిగి, మూడిళ్ల అరుగుల మీద కూర్చుని, ముగ్గురి కాపురాల సంగతులు తెలుసుకునొచ్చింది. అంతకు ముందు ఆ వీధుల్లో ఆవిడ తలెత్తి నడిచింది లేదు. అప్పుడే శివరామయ్య భార్య నాగేంద్రమ్మ వచ్చింది, మనింటికి. పనిమనిషిని పంపితే గిన్నె మారుస్తారని అనుమానం, అందుకని తనే వచ్చింది. నేను అందులో ఎండుచేపల పులుసు పెట్టా. పేరా? చదవడం వచ్చు, చదవలేదు. పొయ్యి మీద పెట్టే గిన్నెని ఎవరు చదువుతారే?

ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది. “ఇది మాది.” “అవునమ్మా.” “ఏందది అందులో?” చెప్పా. ఆవిడ మెట్టు మీద కూలబడింది. “ఉంచుకో తల్లీ. ఇంక అది నీదే” అంది. లేవబోయి చీర చూసుకుంది. నడుం దాకా తడిసింది. “ఇట్టాగే దాటతారా రోజూ?” “రోజూ.” “పిల్లలు గూడానా?” ఎస్తేరుని పిలిచి ముందు నిలబెట్టా. జరిగింది రెండు ముక్కల్లో చెప్పా. ఆవిడ దాని తడి జడ చేతిలోకి తీసుకుని, కొసదాకా పట్టుకు చూసింది. వెళ్లిపోయింది.

పోలింగు రోజు. ఎగువన ఎక్కడో పెద్ద వాన. ఓట్లు అవతల బడిలో. మౌలాలీ మామ చీకటితోనే దాటి వెళ్లాడు, నీళ్లు తర్వాత వచ్చాయి. మనవాళ్లు గట్టుకి చేరేసరికి వాగు ఎర్రగా, బుసలు కొడతా పోతోంది. ఆయన అవతలి నుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు. “రావద్దు! నాకు మీ ఓట్లొద్దు! ఇళ్లకి పోండి!” ఓట్లు వద్దని అరిచిన క్యాండిడేటుని నేను ఆయన్నొక్కణ్ణే చూశా. మా అత్త చీర దోపుకుంది. “ఓటు నాది. వద్దనడానికి వాడెవడు?” నేను పట్టుకుంటే చెయ్యి విదిలించింది. అంతలో అవతల ఒంటెద్దు బండి వచ్చి ఆగింది. దాని నిండా పత్తి బేళ్లు కట్టే మోకులు. నాగేంద్రమ్మ దిగింది. వెనక శివరామయ్య పరుగున వస్తున్నాడు. ఆయన అన్నదీ ఈవిడన్నదీ మౌలాలీ మామ తర్వాత అభినయించి మరీ చెప్పేవాడు. “ఏమే! అవి ఎవరి ఓట్లనుకున్నావే?” “తెలుసు. ముందు ఆ కొస పట్టుకోండి.” పట్టుకున్నాడు పాపం. మౌలాలీ తమ్ముడు జమాల్ ఇవతలి నుంచి ఈది పోయి రెండో కొస తెచ్చి, తుమ్మచెట్టుకి బిగించాడు.

అప్పట్లో ఆస్తో చదువో ఉన్నోళ్లకే ఓటు. ఇల్లు మా అత్త పేరున ఉంది, ఆమెకి ఓటుంది. బడిపంతులు గనక మీ మామకుంది. నాకు లేదు. పిల్లల్ని పట్టుకుని గట్టు మీదే ఉండిపోయా. పందొమ్మిది మంది మోకు పట్టుకుని దిగారు. లెక్కపెట్టుకున్నా.

గెలిచాడా? గెలిచాడు, ఏడు ఓట్లతో. చప్టా రెండేళ్లకి పడింది. నువ్వు బస్సు దిగి నడిచొచ్చేది దాని మీదే. ఆగు, అది కాదు నేను చెప్పేది. ఆ సాయంత్రం. నీళ్లు తగ్గలేదు, ఇంకో జానెడు పెరిగాయి. చినుకులు. ఒక్కొక్కరే మోకు పట్టుకుని వస్తున్నారు. ముందు మన పక్కింటి ఏసయ్య. ఒకటి. హజ్రా బీ, రెండు. ఫాతిమా. ఇమాం సాహెబ్, టోపీ పళ్లతో పట్టుకుని. ఒడ్డెక్కినవాళ్లు ఎవరేం చెబుతున్నా నాకు వినపడలేదు, అంకెలు తప్పుతాయని. మీ మామ పదిహేడు. “అత్త ఏదీ?” అన్నా. “వెనకే గదా” అని తిరిగి చూశాడు. వెనక జమాల్. పద్దెనిమిది. ఆ వెనక ఉట్టి మోకు, నీళ్లు. మీ మామ మళ్లీ దిగబోయాడు. నేను చొక్కా పట్టుకున్నా. అప్పుడు వాగు మధ్య నుంచి తిట్లు వినపడ్డాయి. “ఒరేయ్ మౌలాలిగా, ఓటేశాను గదరా, దించు! నీ భుజం ఎముకలు గుచ్చుకుంటున్నాయి!” “దించితే ఓటరు కొట్టుకుపోద్ది అక్కా, కాసేపు ఓర్చుకో.” ఆ నాగేంద్రమ్మతో కబుర్లలో పడి అవతలే కూర్చుందంట, మహాతల్లి. ఆయన మెడ మీద కూర్చుని, ఒక చేత్తో మోకు, ఒక చేత్తో ఆయన జుట్టు. ఒడ్డు మీద దింపాడు. పందొమ్మిది. ఆయన ఇరవై. మళ్లీ మొదటి నుంచి, ఒక్కొక్కరి భుజం ముట్టుకుని లెక్కపెట్టా. ఏసయ్య, హజ్రా బీ, ఫాతిమా... ఇరవై.